కారకుండా తగ్గిన నూనె

ఫిట్టరు వరహాలుకి నవ్వులాటకి మాట విసిరెయ్యడం అలవాటు. అది ఎక్కడ పడుతుందో చూసుకునే అలవాటు మాత్రం లేదు. మనిషి మంచివాడే. పనిలో దిట్ట, కాదంటే కళ్ళు పోతాయి. పార్వతీపురం ధాన్యం మిల్లులో పదేళ్ళు ఇంజను నడిపినవాడు, చప్పుడు విని జబ్బు చెప్పగలవాడు. కానీ ఆ నోరుందే, అది ఎప్పుడూ చేతులకన్నా ఒక అడుగు ముందుండేది.

మన్యంలో పితూరీ చల్లారి మూడేళ్ళయిన ఏడాది, మాఘమాసంలో, అరకు లోయలో ఒక దొరగారి తోటకి చిన్న ట్రాక్టరొకటి అనంతగిరి ఘాటీ ఎక్కి వచ్చింది. దానితోపాటే వరహాలూ వచ్చాడు. తోట పక్కనున్న వాడ వాడంతా పరిగెత్తుకొచ్చి చుట్టూ మూగింది. పళ్ళున్న ఇనప చక్రాలు, ముందు నీళ్ళ డబ్బా, వెనక నూనె డబ్బా, ఆ నూనె డబ్బా మీదే నడిపేవాడు కూర్చునే ఇనప పీట. కొండవాళ్ళు దానికి అక్కడికక్కడే మోటారెద్దని పేరు పెట్టేశారు.

ఆ వాడకి దిసారి ముసలి సుక్రు. మంచిరోజు చెడ్డరోజు చూసేదీ, నేలకీ కొండకీ పెట్టాల్సింది పెట్టించేదీ అతనే. చేతిలో ముల్లు పట్టుకుని ట్రాక్టరు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"దీని సెవులెక్కడయ్యా?" అన్నాడు.

వరహాలు పగలబడి నవ్వాడు. "సెవులతో ఏటి పని మావా?"

సుక్రు నవ్వలేదు. వాళ్ళలో కొత్త ఎద్దుని మొదటిసారి చేలోకి దింపేటప్పుడు చెవి కొసని ముల్లుతో పొడిచి, చేను నాలుగు మూలలా చుక్క చుక్క రక్తం రాలుస్తారు. పశువు రక్తం రుచి చూసిన నేల ఇక దున్నేవాణ్ణి అడగదట. ఆ పెట్టేది దున్నేవాడి ఇంటి ఆడది పెట్టాలి. పెట్టినట్టు ఎవరితోనూ అనకూడదు, బయటి ఊళ్ళ పైవాళ్ళ కంట పడకూడదు. అన్నా చెల్లదు, పడినా చెల్లదు. ఇదంతా సుక్రు ఓపిగ్గా చెప్పాడు.

"సెవులు నేవు గానీ మావా, రగతం ఉందిలే," అన్నాడు వరహాలు, వెనక డబ్బా అడుగునున్న ఇనప బిరడాని స్పానరుతో టకటకా కొట్టి. "ఇది తిప్పితే నల్లగా కారతాది. కావలిస్తే కుండ పట్టు."

అందరూ నవ్వారు. నవ్వనివాళ్ళు ఇద్దరే, సుక్రూ, మంగ్లు పెళ్ళాం రాజులమ్మా. వరహాలు ఆ మాటని అన్న మరునిమిషమే మరిచిపోయాడు. ఆమె మరిచిపోలేదు.

మంగ్లు సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్ళ మనిషి, మాట తక్కువ, చెయ్యి నెమ్మది. ట్రాక్టరు నేర్పడానికి వరహాలు ఆ వాడలో ఏరుకున్నది అతన్నే. పదిరోజుల్లో నేర్చేసుకున్నాడు. ఇద్దరికీ స్నేహం కుదిరిపోయింది. వరహాలు ఆదివారాలు మంగ్లు గుమ్మంలో కూర్చుని చోడంబలి తాగేవాడు, రాజులమ్మని చెల్లీ అని పిలిచేవాడు. ఆ చెల్లి ఒకరోజు చేతులు నలుపుకుంటూ ఎదురుగా వచ్చి నిలబడింది.

"అన్నా, ఆన్ని ఎగువ మెట్టకి మాత్రం పంపకు. ఆ మెట్ట మంచిది కాదు. ఆడి అన్నని తినీసింది."

నిజమే. కిందటేడు ఆ మెట్ట మీద అడవి కొట్టిస్తుంటే చెట్టు విరిగి మంగ్లు అన్న మీద పడింది. ఆ మానుకిందే పోయాడు. అయినా ఏటవాలుగా ఉన్న ఆ నేల్లోనే బంగాళాదుంపలు పండించాలని దొరకి ఎవరో చెప్పారు. చెప్పినవాడి నోరు పడిపోను.

"నానున్నాను కదా సెల్లీ," అన్నాడు వరహాలు. "ఆడి ఒంటిమీద గీత పడనియ్యను. నా పూచీ."

పూచీ పడ్డాడు. ఆ మాట మాత్రం నవ్వులాటకి అనలేదు.

కింది చేలు దున్నడం మొదలైన అయిదోరోజున నూనె తగ్గింది. వెనక డబ్బా పక్కన చిన్న కుళాయి ఉంటుంది. దాన్ని తిప్పితే నూనె కారాలి. కారితే డబ్బా నిండుగా ఉన్నట్టు. ఆ సాయంత్రం తిప్పితే చుక్క రాలేదు. వరహాలు నూనె పోసి నింపాడు. మర్నాడు సాయంత్రం మళ్ళీ తిప్పాడు. మళ్ళీ రాలేదు.

ఎవరికైనా ఇదో చిన్న సంగతిలా ఉంటుంది. వరహాలుకి మాత్రం అన్నం సయించలేదు. ఎందుకంటే ఆ బండికి బ్రేకు లేదు. ఆ రోజుల్లో ఆ బళ్ళు అలాగే వచ్చేవి. ఏటవాలులో దాన్ని పట్టి నిలబెట్టేది ఇంజనొక్కటే. ఆ ఇంజనుకీ చక్రాలకీ మధ్య పట్టంతా వెనక డబ్బాలో తిరిగే ఒక కంచు చక్రం పళ్ళ మీద ఉంటుంది. నూనెలో మునిగి తిరిగినంతకాలం ఆ పళ్ళు ఏళ్ళ తరబడి పనిచేస్తాయి. నూనె లేకపోతే అరగంటలో కాలి, అరిగి, ఊడిపోతాయి. చదును నేల మీదైతే బండి ఆగిపోతుంది, అంతే. కొండ మీద ఊడిపోతే ఇక ఆపేది ఏదీ ఉండదు.

"పీట కాలతన్నాదన్నా," అన్నాడు మంగ్లు ఆరోరోజు. "గోనె పరుసుకుని కూకుంతన్నాను."

డబ్బా వేడెక్కుతోందన్నమాట. 

ముందు చక్రాల ఇరుసు చివర్లు అనుమానించాడు. అక్కడ తోలు వాషర్లు ఉంటాయి, పాతబడితే నూనె వదిలేస్తాయి. వాడలో దున్నపోతు తోలు అడిగి తెచ్చి, ఆముదంలో రాత్రంతా నానేసి, గుండ్రంగా కోసి కొత్త వాషర్లు వేశాడు. పనికి వంక పెట్టడానికి లేదు. మర్నాడు సాయంత్రానికి నూనె వేలెడు తగ్గింది.

అప్పుడు సున్నం వేశాడు. డబ్బా అంతా కిరసనాయిలుతో తుడిచి, ఆరబెట్టి, పొడిసున్నం గుడ్డలో మూటగట్టి అంతటా దులిపాడు. తెల్లటి సున్నం మీద ఎక్కడ సందున్నా మచ్చ కనిపించి తీరుతుంది, నూనె ఎంత సన్నగా కారినా సరే. షెడ్డులో తెల్లారకముందునుంచి బారెడు పొద్దెక్కేదాకా ఇంజను తిప్పి, నేలమీద వెల్లకిలా పడుకుని చూశాడు. సున్నం సున్నంలాగే ఉంది. ఒక్క మచ్చ లేదు. సరేనని బండిని చేలోకి పంపాడు. సాయంత్రం సున్నం మీద మచ్చ లేదు. కుళాయి తిప్పాడు. నూనె తగ్గింది.

 పదేళ్ళలో ఎన్ని ఇంజన్లు చూశాడు! కారితే తగ్గుతుంది, కారకపోతే తగ్గదు. కారకుండా తగ్గే నూనె ఎక్కడైనా ఉంటుందా? ఆవిరైపోవడానికి అదేమన్నా సారాయా? చేలో బండి తిరిగిన చాళ్ళ వెంట వంగి వంగి వెతికాడు. ఎక్కడా మరక లేదు. చేను మూలల దాకా వెళ్ళి ఉంటే కనిపించేదేమో. బండి తిరగని మూలల్లో నూనెకేం పని అని అతను వెళ్ళలేదు.

వాడలోవాళ్ళ తీరూ మారింది. అతను కనబడితే మాటలు ఆపేసేవారు. సుక్రు ఒకరోజు షెడ్డు గుమ్మంలో నిలబడి, "అది మంచికే తగ్గుతున్నాదేమో బాబూ, ఇడిసీ," అని వెళ్ళిపోయాడు. రాజులమ్మ కుడిచేతి వేళ్ళకి పసుపు పూసిన గుడ్డపేలిక చుట్టుకుని తిరుగుతోంది. ఏమైందంటే అంబలికుండ కాలిందంది. చెప్పి చూపు తిప్పుకుంది. వరహాలు పాపం అనుకున్నాడు, కాలిన చేతికి ఆముదం రాయమని చెప్పాడు. చూశారా, చప్పుడు విని జబ్బు చెప్పేవాడికి కళ్ళముందున్న చెయ్యి కనిపించలేదు.

తోట రైటరు ధనరాజుకి ఇదంతా చిరాకు. దొర చల్లని చోటు వెతుక్కుంటూ నీలగిరులకి వెళ్ళాడు, పెత్తనం ఇతని చేతిలో పెట్టి.

"ఏమోయ్ ఫిట్టరూ, తొలకరి పడేలోగా ఎగువ మెట్ట దున్నాలని దొరగారి ఆర్డరు. నువ్వేమో ఇక్కడ సున్నం వేసుకుంటూ కూర్చున్నావు. పెళ్ళిల్లా ఇది?"

"నూనె ఎటెల్తన్నాదో తేలకుండా కొండెక్కించనండి," అన్నాడు వరహాలు. "మనిసి పోతాడు."

"తేల్చు మరి. గురువారం సంత దాకా గడువు. తర్వాత నువ్వున్నా లేకపోయినా బండి ఎక్కుతుంది."

వరహాలు వెనక డబ్బా మొత్తం ఊడదీశాడు. రెండు ముక్కలూ కలిసేచోట పాత అట్ట తీసేసి కొత్త అట్ట కోసి, కొండవాళ్ళ దగ్గర దొరికే లక్కని కరిగించి పూసి, బోల్టులన్నీ ఒకటొకటిగా బిగించాడు. మిగిలిన ఆఖరి డబ్బా నూనె పోశాడు. ఈసారి బండిని వదల్లేదు. మంగ్లు కింది చేను దున్నుతుంటే పక్కనే నడిచాడు. మధ్యాహ్నం మంగ్లు పనసచెట్టు కింద అంబలి తాగి కునుకు తీస్తే, తను చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. రాజులమ్మ అంబలి తెచ్చి, ఖాళీ కుండతో అక్కడే తచ్చాడేది. "ఏటన్నా, నువ్వు బంగళాకి ఎల్లి తినవా?" అని అడిగింది. "ఈ ముండ బండి సంగతి తేలితే గానీ కదల్ను," అన్నాడు.

మొదటిరోజు నూనె తగ్గలేదు. రెండోరోజూ తగ్గలేదు. మూడోరోజు సాయంత్రం కుళాయి తిప్పితే ధార కారింది.

వరహాలు గెంతులేశాడు. మంగ్లుని కావిలించుకున్నాడు. "లక్కరా! లక్క పట్టీసింది! అట్టలోంచే పోతన్నాదన్నమాట!" అని అరిచాడు. ఇన్ని రోజుల తరవాత ఆ రాత్రే కడుపునిండా తిన్నాడు. రోగం లక్కతో పోయిందా, తను కాపలా కూర్చోవడంతో పోయిందా అని ఒక్కసారి అనుకుని ఉంటే! ఏ మేస్త్రీ అనుకుంటాడు చెప్పండి, చేతులకి ఇంకా లక్క అంటుకుని ఉండగా?

గురువారం పొద్దున్న బండి షెడ్డు ముందుకి తెచ్చారు. వరహాలు కుళాయి తిప్పి చూశాడు, నిండుగా ఉంది. అడుగున మళ్ళీ సున్నం దులిపాడు, కొండెక్కి దిగాక చూద్దామని. మంగ్లుకి చెప్పాల్సినవన్నీ మళ్ళీ చెప్పాడు.

"నాగలి ఎత్తి కట్టుకో. మెల్లగా ఎక్కు. మజ్జిలో ఆపకు. ఏటయినా సరే, ఏటవాల్లో పీట మీంచి దిగకు, సేతిలో చక్రం వొదలకు. వొదిల్తే బండి నీ మాట ఇనదు. నానెనకాలే వస్తాను."

"అలాగేనన్నా," అన్నాడు మంగ్లు.

అంతలో బంగళా నుంచి కబురు. ధనరాజు పిలుస్తున్నాడు, పని అయినట్టు దొరకి కాగితం రాయాలట, ఫిట్టరు వేలిముద్ర కావాలట. వరహాలు వెళ్ళాడు. మంగ్లు అంబలికి ఇంటికెళ్ళాడు. బండి దగ్గర పావుగంటసేపు ఎవరూ లేరు. ఆ తరవాత మంగ్లు వచ్చి, ఇంజను తిప్పి, పీటెక్కి బయల్దేరాడు.

వరహాలు బంగళా మెట్లు దిగుతుంటే, దూరంగా మెట్ట దారిలో ఇంజను చప్పుడు నిదానంగా పైకి వెళ్ళడం వినిపించింది. చప్పుడు బాగుంది. బీడీ ముట్టించుకుని వెనకే నడిచాడు. గెడ్డ నీళ్ళు దాటేచోట రాజులమ్మ ఎదురుపడింది. నెత్తి మీద కుండ, కుండ మీద అడ్డాకు మూత. పెద్ద కుండ. ఆమె నడుస్తున్నది కూడా ఎగువ మెట్టవైపే, దొడ్డిదారిన.

"ఏటి సెల్లీ, అంత కుండెడు అంబలా? ఆడొక్కడే తాగుతాడా?"

రాజులమ్మ అతన్ని చూసి బిగుసుకుపోయింది. కుండని రెండు చేతుల్తో పట్టుకుని తల అడ్డంగా ఊపింది. ఆ చేతులు చూశాడు వరహాలు. వేళ్ళ సందుల్లో నల్లటి నూనె. దాని మీద తెల్లగా సున్నం.

చప్పున అడ్డాకు లాగాడు. కుండ అంచు దాకా నూనె.

అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. కాలిన వేళ్ళు, మధ్యాహ్నం తచ్చాడడం, కారకుండా తగ్గడం, సుక్రు ముల్లు, తను బిరడా మీద టకటకా కొట్టి అన్న మాట. ఇన్నాళ్ళూ మంగ్లు కునుకు తీసేవేళ బండి మీది స్పానరుతో బిరడా తిప్పి, దొప్పెడు దొప్పెడు తీసి కింది చేల మూలల్లో పోసింది. మూడురోజులు తను కాపలా ఉండడంతో తీయలేకపోయింది. ఇవాళ ఎగువ మెట్ట. అన్నని తిన్న మెట్ట. దొప్పెడు చాలదనుకుంది. కుండ పట్టింది. నూనె మొత్తం తీసి, బిరడా బిగించి, మచ్చ కనిపించకుండా సున్నం కూడా దులిపింది.

"ఓలమ్మో, ఎంత పని సేసినావే!" అని, కుండ ఆమె దగ్గరే వదిలేసి పరిగెత్తాడు.

యాభై ఏళ్ళ మనిషి ఆ కొండ ఎలా ఎక్కాడో అతనికే తెలీదు. ఇంజను చప్పుడు మారిపోయింది. లోపల ఏదో గీసుకుంటున్న కీచుశబ్దం. మలుపు తిరిగేసరికి బండి కనిపించింది, మెట్ట అంచుకి ఇక ఇరవై బారలు లేదు. మంగ్లు పీట మీద కూర్చోలేక సగం లేచి, చక్రం పట్టుకుని వంగి ఉన్నాడు. వెనక డబ్బా నుంచి పొగ.

"దూకీ! మంగ్లూ, దూకీరా! వొదిలీసి దూకీ!"

మంగ్లు వెనక్కి తిరిగి చూశాడు. ఆ రొదలో ఏం వినిపించిందో! వెనకాలే వస్తానన్న మనిషి వచ్చాడనుకున్నాడేమో, ఒక చెయ్యి ఎత్తి ఊపాడు. నవ్వాడు కూడా. మళ్ళీ ముందుకి తిరిగి రెండు చేతులతో చక్రం పట్టుకున్నాడు. ఏటయినా సరే చక్రం వదలకూడదు కదా.

లోపల ఠాంమని ఒక చప్పుడు. ఇంజను ఒక్కసారిగా తేలిపోయి గోలగా తిరిగింది. చక్రాలు నిలిచాయి. ఒక క్షణం ఆగి, వెనక్కి దొర్లడం మొదలెట్టాయి. మంగ్లు వదల్లేదు. మలుపు దాకా దాన్ని దారిలోనే ఉంచాడు. మలుపులో బండి గట్టు తన్నుకుని, అతన్ని కింద వేసుకుని బోర్లాపడింది.

వాడంతా వచ్చి ఎత్తేసరికి ప్రాణం లేదు.

ధనరాజు రొప్పుతూ వచ్చాడు. "ఎక్కడ కారిందోయ్? అంతా బాగుందని ఇందాకే కదా వేలిముద్ర వేశావు?" అని అరిచాడు. వరహాలు తిరగబడ్డ బండి దగ్గరికి వెళ్ళి అడుగుభాగం చూశాడు. బిరడా చుట్టూ సున్నం నున్నగా ఉంది. చేత్తో పట్టి చూశాడు. ఆమె ఎంత బలం పెట్టి బిగించిందో, కదల్లేదు. చుక్క కారకూడదని, మొగుడి బండికి ఏ లోటూ రాకూడదని అంత గట్టిగా బిగించింది.

"లక్క పట్టలేదండి," అన్నాడు. "నా పనే సరిగ్గా నేదు."

అప్పుడు మెట్ట మీంచి ఖాళీ కుండతో రాజులమ్మ వచ్చింది. ఏడవడం లేదు. జనం దారి ఇచ్చారు. మంగ్లు పక్కన కూర్చుని అతని మొహం మీది మట్టి కొంగుతో తుడిచింది. తరవాత తలెత్తి వరహాలుని చూసింది. ఆ చేతులకి ఇంకా నూనె ఉంది.

"అన్నా, నాను ఎవులికీ సెప్పలేదు. ఆడికీ సెప్పలేదు. నాలుగు మూలలా పోసీసినాను. కుండెడు పోసినాను. సాలదా? మరింకా ఎందుకడిగింది?"

సుక్రు చూస్తున్నాడు. వాడంతా చూస్తోంది. నిజం వరహాలు నాలుక చివరకొచ్చింది. మెట్ట ఏమీ అడగలేదమ్మా, నువ్వు తీసిన నూనే వాడి ప్రాణం అని. అది చెబితే ఈ మనిషి ఇంకెన్నాళ్ళు బతుకుతుంది? బతికినా ఎలా బతుకుతుంది? కుండ పట్టమన్నది ఎవరు?  పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఒక మాట అనేముందు అది ఎవరి మీద పడుతుందో చూసుకున్నాడు.

"నువ్విచ్చింది సాలింది సెల్లీ," అన్నాడు. "సెల్లుండేదే. గెడ్డ కాడ నాను ఆకు తీసి సూసీసినాను. పైవోన్ని. నా కన్ను పడబట్టే సెల్లలేదు."

 అప్పుడు వచ్చింది రాజులమ్మకి ఏడుపు. నోటికొచ్చినట్టు తిట్టింది, మట్టి తీసి అతని మొహాన కొట్టింది, నీ కళ్ళు పేలిపోవాలంది, నీ ఇంట ఆడది ఇలాగే కూలబడాలంది. వరహాలు తల వంచుకుని ఒక్కొక్క తిట్టూ విన్నాడు. ఆమె తనని తాను తిట్టుకోవడం లేదు. అది చాలు అనుకున్నాడు.

సుక్రు ముందుగా అతనికి వీపు తిప్పాడు. తరవాత ఒకరొకరే అందరూ తిప్పారు. వరహాలు షెడ్డుకి వెళ్ళి, తన సంచీ తీసుకుని, స్పానర్లు అక్కడే వదిలేసి నడవడం మొదలెట్టాడు. కబురు అతనికన్నా ముందే దారంతా పాకిపోయింది. అనంతగిరి ఘాటీ దిగేదాకా ఏ గుమ్మంలోనూ ఎవరూ గుక్కెడు మంచినీళ్ళు ఇవ్వలేదు. అతనూ అడగలేదు.